వజ్రం ఇంటికొచ్చాక ఏడు రోజులు

పోయినవారం పచ్చళ్ళ జాడీల గురించి చెప్పుకున్నాం కదా, ఈవారం వంటింట్లోంచి బీరువా దగ్గరకు వద్దాం.

మనం అరకిలో వంకాయలు కొన్నా పుచ్చులున్నాయేమోనని తిప్పి తిప్పి చూస్తాం. కందిపప్పు చేటలో పోసి రాళ్ళు ఏరందే పొయ్యి మీద పెట్టం. మరి లక్ష పైచిలుకు పోసి కొన్న రాయినో? షాపువాళ్ళు ముఖమల్ పెట్టెలో పెట్టి, చేతికి కూల్‌డ్రింకు ఇచ్చి, నవ్వుతూ సాగనంపితే కళ్ళకద్దుకుని తెచ్చేసుకుంటాం. కోహినూరు మన పల్నాటి కొల్లూరు గనుల్లో దొరికిందనే చెప్పుకుంటారు. తొలకరి పడితే చాలు, కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో ఈనాటికీ జనం వజ్రాల కోసం వెతుకుతారు. అలాంటి గడ్డ మీద పుట్టి కూడా వజ్రాన్ని ఎలా చూడాలో మనకెవరూ నేర్పలేదు. నాకు మాత్రం ఒక జత దుద్దులు నేర్పాయి. ఆ సంగతే చెబుతాను.

మా పెద్దమ్మాయి పెళ్ళికని నాలుగేళ్ళు చీటీ కట్టాను. పాడుకున్న డబ్బుతో ఒక శుక్రవారం తెనాలి నుంచి బెజవాడ వెళ్ళి ఒంటిరాయి దుద్దులు తీసుకున్నాం. చెవికొక పాతిక సెంట్ల రాయి. రెండు రాళ్ళకీ రెండు సర్టిఫికెట్ కార్డులు కూడా ఇచ్చారు. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో "ఏడు రోజుల్లోగా ట్యాగు తీయకుండా బిల్లుతో తెస్తే డబ్బు వాపసు" అని ఉంది. అది చదివింది ఇంటికొచ్చాకే, అదీ మా చిన్నాడు చదివి చెబితే.

శనివారమంతా ఇరుగుపొరుగులకు చూపించడంతోనే సరిపోయింది. ఆదివారం పొద్దున మా అత్తయ్య అడిగారు. "షాపు దీపాల కింద పటికబెల్లం పలుకు కూడా మెరుస్తుందే. వసారాలోకి తీసుకురా, చూద్దాం" అన్నారు.

ఎండ నేరుగా తగలని చోట తెల్లకాగితం మడిచి పెట్టి, దాని మీద దుద్దులు రెండూ పక్కపక్కన బోర్లించాం. రాయిని పైనుంచి చూస్తే మెరుపులో రంగు తెలియదు. బోర్లించి పక్కనుంచి చూడాలి. కుడివైపుది మంచినీళ్ళలా ఉంది. ఎడమదానిలో నిమ్మచుక్క పిండినట్టు లేత పసుపు ఛాయ! పసుపు బంగారంలో పొదిగిన రాయికి ఆ బంగారం రంగు కాస్త అంటుతుంది, నిజమే. కానీ రెండూ ఒకే బంగారం, ఒకే పనితనం. అలాంటప్పుడు ఒకదాని ఛాయ వేరుగా ఉందంటే అది రాయి సంగతే కదా.

కార్డుల మీద చూస్తే రెండింటికీ రంగు "జి" అని ఉంది. ఈ అక్షరాల లెక్క తెలుసుకోవడం కష్టమేం కాదు. అమెరికాలో 1931లో మొదలైన జి.ఐ.ఏ. అనే సంస్థ తెచ్చిన పద్ధతి ఇది. ఏ రంగూ లేని రాయి డి. అక్కణ్ణించి జడ్ దాకా పోయేకొద్దీ పసుపో గోధుమో పెరుగుతుంది. డి, ఇ, ఎఫ్ స్వచ్ఛమైనవి. జి నుంచి జె వరకు దాదాపు తెలుపే. కె దగ్గర్నుంచి ఛాయ మొదలవుతుంది. ఒక్కో అక్షరం దిగితే ధరా దిగుతుంది. అలాగే లోపలి మచ్చలకు ఇంకో వరుస ఉంది, వి.వి.ఎస్., వి.ఎస్., ఎస్.ఐ. అని. ఆ మచ్చల్ని పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో చూసి నిర్ణయిస్తారు. సానపట్టిన తీరు మూడోది. మెరుపు ఎక్కువగా దాని చేతిలోనే ఉంటుంది. నాలుగోది బరువు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే వంద సెంట్లు.

మావారితో చెబితే, "కాస్త పసుపైతే ఏమైందిలే, చెవిలో ఎవరు చూస్తారు?" అన్నారు. పక్కింటావిడ, "శుక్రవారం ఇంటికొచ్చిన లక్ష్మిని వెనక్కి పంపకూడదండీ" అంది. దాచుకోవడమెందుకు, నాకూ మొహమాటమే. అంత పెద్ద షాపుకెళ్ళి, అద్దాల తలుపు తోసుకుని, "మీ రాయి బాగాలేదు" అనడానికి నోరు రావద్దూ? అప్పుడు అత్తయ్య ఒక్క మాటన్నారు. "లక్ష్మిని పంపడం కాదమ్మా, లెక్క సరిచూసుకోవడం. నాలుగేళ్ళూ చీటీ కట్టావే, ఒక్క నెలైనా నీ దగ్గర తక్కువ తీసుకున్నారా వాళ్ళు?"

ఆ మాటతో సోమవారం కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం బరువు 4.100 గ్రాములు. రాళ్ళు యాభై సెంట్లు, అంటే 0.100 గ్రాము. బంగారానికి 4.000 గ్రాములకే లెక్క కట్టారు, అది సరిపోయింది. మీరూ ఇది తప్పక చూసుకోండి. రాళ్ళ బరువు తీసేయకపోతే రాయికి ఒకసారి, అదే బరువుకు బంగారం ధరన ఇంకోసారి కట్టినట్టవుతుంది. హాల్‌మార్కు ముద్ర, 18 క్యారెట్లకు 750 అంకె, ఆరు అక్షరాంకెల హెచ్.యు.ఐ.డి. నంబరు ఉన్నాయి. ఆ నంబరును బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూశాడు మా చిన్నాడు. సరిగానే ఉంది. కానీ గుర్తుంచుకోండి, హాల్‌మార్కు పూచీ బంగారానికే. రాయి గురించి అది ఏమీ చెప్పదు.

మంగళవారం నగ గడప దాటించనన్నాను. చేజేతులా ఒకరోజు పోగొట్టుకున్నాను. బుధవారం బెజవాడలో రాళ్ళు పరీక్షించే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాం. వజ్రం నడుము మీద, అంటే పైభాగం కిందిభాగం కలిసే అంచున, సర్టిఫికెట్ నంబరును లేజరుతో చెక్కుతారట. వట్టి కంటికి కనిపించదు. అన్ని రాళ్ళకూ ఉండదు గానీ, మా కార్డుల్లో ఉన్నట్టు రాసి ఉంది. ఆయన కుడి రాయి చూసి నంబరు చదివారు, సరిపోయింది. ఎడమది చూసి, మళ్ళీ చూసి, "అమ్మా, ఇది ఈ కార్డు రాయి కాదు" అన్నారు. రాయి మీదున్న నంబరును ఆ ల్యాబు వెబ్‌సైటులో కొట్టి చూస్తే 23 సెంట్లు, రంగు కె!

నా గుండె జారిపోయింది. ఆయనే చెప్పారు, కొన్ని ల్యాబులు విడిరాయికే సర్టిఫికెట్ ఇస్తాయట. ఆ తర్వాత రాయి పనివాడి దగ్గరకెళ్ళి నగలో కూర్చుంటుంది. మారితే అక్కడే మారుతుంది, పొరపాటునైనా, ఇంకోలాగైనా.

అక్కణ్ణించి నేరుగా షాపుకే వెళ్ళాం. మేనేజరు మొదట "రెండూ ఒకేలా మెరుస్తున్నాయి కదమ్మా" అన్నాడు. భూతద్దం తెప్పించి నంబరు చదవమన్నాను. చదివి కాసేపు మాట్లాడలేదు. పనిలో కలిసిపోయి ఉంటాయి, వేరే రాయి పెట్టిస్తామన్నాడు. "మా కార్డులో ఉన్న రాయే పెట్టండి, లేదంటే డబ్బివ్వండి" అన్నాను. ఆ రాయి దొరకలేదు. శుక్రవారంలోగా డబ్బు మా బ్యాంకు ఖాతాలో పడింది. అదే మొహమాటంతో వారం గడిపేసి ఎనిమిదో రోజున వెళ్ళుంటే, ఆ రాయి మా ఇంట్లో మారలేదని నేనెలా రుజువు చేసేదాన్ని?

అందుకే అక్కయ్యలూ, చెల్లెమ్మలూ, గడువు అన్నది చుట్టాలకు చూపించుకోవడానికి కాదు. ఆ రోజుల్లో చేయాల్సినవి చెబుతాను, చీటీ రాసి బీరువా తలుపుకు అంటించుకోండి.

మొదటిరోజే బిల్లు వెనకవైపు చదవండి. గడువెన్నాళ్ళు, డబ్బిస్తారా, మార్పిడి మాత్రమేనా చూడండి. ట్యాగు తీయకండి, పెట్టుకోకండి, సైజు మార్పించకండి. వంటింటి చేతులతో ముట్టుకోకండి. వజ్రానికి జిడ్డు ఇట్టే పట్టుకుంటుంది, మంచి రాయి కూడా మసకబారి కనిపిస్తుంది. మెత్తని బట్టతో తుడిచి చూడండి.

చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించండి. టకటక చప్పుడైతే రాయి వదులుగా ఉన్నట్టే. రాయిని పట్టుకున్న బంగారు గోళ్ళ మీద మెత్తని బట్ట లాగి చూడండి. పోగు పట్టుకుంటే గోరు లేచినట్టు.

ఊదితే పట్టిన ఆవిరి వెంటనే పోతే అసలు వజ్రమంటారు. అది నమ్మి కూర్చోకండి. గాజు మీద గీయడం, సుత్తితో కొట్టడం అసలే వద్దు. గాజును గీసే రాళ్ళు బోలెడున్నాయి. వజ్రం ఎంత గట్టిదైనా దెబ్బ తగిలితే పగులుతుంది. షాపుల్లో కూతపెట్టే పెన్ను ఉంటుందే, అది వేడి ఎలా పాకుతుందో చూసి చెబుతుంది. మోయిసనైట్ అనే రాయికీ అందులో చాలా పెన్నులు కూతపెడతాయి. ల్యాబులో తయారైన వజ్రమూ వజ్రమే కాబట్టి దానికీ పెడతాయి. గనిలోదా, ల్యాబుదా తేల్చడానికి పెద్ద పరికరాలే కావాలి. ల్యాబు వజ్రం కొనడం తప్పేం కాదు, కానీ దాని ధర బాగా తక్కువ. కాబట్టి బిల్లులో "సహజ వజ్రం" అనో "ల్యాబు వజ్రం" అనో స్పష్టంగా రాయించుకోండి. తిరిగి అమ్మితే ఎంతిస్తారో అదీ రాయించండి.

సగం గడువు దాటకముందే బయటివాళ్ళ చేత చూపించండి. తేడా ఉంటే వెంటనే వెళ్ళండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మన పక్షానే ఉంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోతే అది అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. కాదంటే 1915కి ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు.

మా అమ్మాయి దుద్దులు తర్వాత ఇంకోచోట కొన్నాం. ఈసారి డబ్బు కట్టకముందే భూతద్దం అడిగాను. రెండు నంబర్లూ నేనే చదివాను, మా అత్తయ్య కార్డులు పట్టుకుని టిక్కు పెట్టారు. కౌంటరులో అబ్బాయి నవ్వాడు. నవ్వనివ్వండి, వంకాయలమ్మాయి కూడా రోజూ నవ్వుతుంది!

వచ్చేవారం పట్టుచీరల మడతల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.