గురువారం పండుగకు జనమేరీ?

మెదక్ చర్చికి క్రిస్మస్ నాడు వచ్చే జనం సంగతి జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. క్రైస్తవులే కాక అన్ని మతాలవారూ పిల్లాపాపలతో బస్సులు దిగి, గంటల తరబడి వరుసలో నిలబడి లోపలికి వెళతారు. లోపలికి వెళ్లినవారు తలెత్తి చూసేది బలిపీఠం వెనుకనున్న రంగుటద్దాల కిటికీని. అందులో ఉన్నది క్రిస్మస్ కథ కాదు. తిరిగి లేచిన క్రీస్తు, శిష్యుల కళ్లెదుట పరలోకానికి వెళ్లిన ఘట్టం. దాన్నే ఆరోహణ అంటారు.

కరువు రోజుల్లో పనిచేసిన కూలీలకు తిండి దొరికేలా పాస్నెట్ దొర కట్టించిన ఈ ఆలయానికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఉన్న మూడు పెద్ద కిటికీలలో ముందుగా, 1927లో, అమర్చినది ఆరోహణ కిటికీయే. క్రీస్తు పుట్టుక కిటికీ 1947లోనూ, సిలువ కిటికీ 1958లోనూ వచ్చాయి. అంత పెద్ద చోటు దొరికిన పండుగకు పల్లె చర్చిల్లో మాత్రం చోటు లేకుండా పోతున్నది. ఆరోహణ దినాన ఆరాధన పెట్టే ఊళ్లే తక్కువ. పెట్టినచోట వచ్చినవారిని లెక్కించడానికి రెండు చేతుల వేళ్లు చాలు. మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, ఈస్టరు అంటూ కిటకిటలాడిన సంఘానికి నలభై రోజులు తిరిగేసరికి ఏమైనట్టు?

కారణాలు లేకపోలేదు. ఈస్టరు నుంచి నలభయ్యవ రోజు గనుక ఈ పండుగ ఎప్పుడూ గురువారమే వస్తుంది. ఏప్రిల్ 30కి ముందు రాదు, జూన్ 3 దాటదు. 2025లో మే 29న వచ్చింది. 2026కు మే 14, 2027కు మే 6. అంటే నడి ఎండాకాలం. యాసంగి వడ్లు కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల దగ్గర కుప్పలు పోసి ఉంటాయి. మబ్బు కమ్మితే టార్పాలిన్ల కోసం పరుగెత్తే రైతును, తెల్లవారకముందే కూలికి పోయే ఆడవాళ్లను, పది గంటల ఆరాధనకు రాలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. సర్కారు సెలవు కూడా లేదు. పండుగను తర్వాతి ఆదివారానికి జరుపుకుంటే సరిపోతుంది కదా అని కొందరంటారు. కథోలిక సంఘంలో చాలా దేశాల్లో అలాగే చేశారు. అది వారి వ్యవస్థ. అయితే ఆదివారానికి జరిపితే అది మరో ఆదివారమై పోతుందే తప్ప పండుగగా గుర్తుండదన్న వాదనలోనూ బలమున్నది.

అసలు చిక్కు వేళది కాదు, అర్థానిది. క్రిస్మస్‌కు పశువుల పాక ఉంది, నక్షత్రం ఉంది. మంచి శుక్రవారానికి సిలువ ఉంది. ఆరోహణకు చూపించడానికి ఏముంది? ఒక మేఘం, ఖాళీ అయిన కొండ. రాకెట్లు పైకి పోయి చూసొచ్చాయి, పరలోకం ఎక్కడుందని ఇంటర్ చదివే కుర్రాళ్లు అడుగుతున్నారు. అడగనివ్వాలి. ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో తండ్రి కుడి పార్శ్వం మాట అందరూ నోటితో చెప్పేదే. అది ఆకాశంలో కుర్చీ వేసిన చోటు కాదనీ, అధికారానికి రాజుల కాలం నాటి పేరనీ వారికి విడమరచి చెప్పేవారు కావాలి. ఒక ఊళ్లో, ఒక కాలంలో తిరిగిన క్రీస్తు ఇక అన్ని ఊళ్లకూ అన్ని కాలాలకూ ప్రభువని ఈ పండుగ చెబుతుంది.

లూకా రాసినదాంట్లో ఒక వింత ఉంది. గురువు కనుమరుగైతే శిష్యులు ఏడుస్తూ కాదు, మహా సంతోషంతో యెరూషలేముకు తిరిగి వెళ్లారట. కొడుకు దుబాయికి బయలుదేరితే ఇల్లంతా బస్టాండు దాకా వెళ్లి కన్నీళ్లు పెట్టుకునే మన పల్లెలకు ఈ సంతోషం కొంచెం ఎదురు బొదురుగా తోస్తుంది. కానీ వెళ్లినవాడు వదిలేసి వెళ్లలేదు, పని అప్పజెప్పి వెళ్లాడు. ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డవారిని తెల్లబట్టల మనుషులిద్దరు ఎందుకలా చూస్తున్నారని అడిగిన సంగతి అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలోనే ఉంది.

పల్లె సంఘాలకు పట్టవలసినది ఇక్కడే. ఒక్కో పాస్టరు చేతికింద అనేక ఊళ్లు ఉంటాయి. ఒక ఊరికి అయ్యగారు వచ్చే ఆదివారం ఏదో, రాని ఆదివారం ఏదో పిల్లలకు సైతం తెలుసు. అయ్యగారు రాకపోతే చర్చి తాళం తీయని ఊళ్లున్నాయి. 'అయ్యగారు రాకుంటే ప్రార్థన చేసుకోవద్దా బిడ్డా?' అని అడిగే ముసలవ్వలకు జవాబు చెప్పేవారు లేరు. నడిపించేవాడు కంటికి కనబడని నాడు సంఘం తన కాళ్ల మీద తాను నిలబడిన రోజు ఆరోహణ. దాన్ని జరుపుకోవడానికి కూడా అయ్యగారి కోసమే ఎదురుచూడడం ఎంత విడ్డూరం! ప్రభు సంస్కారం ఇవ్వడానికి గురువు కావాలి, నిజమే. వాక్యం చదువుకొని, రెండు కీర్తనలు పాడుకొని, ప్రార్థించుకోవడానికి స్త్రీల మైత్రి చాలు, సంఘ పెద్దలు చాలు.

మరొకటి చెప్పక తప్పదు. ఆరోహణకూ పెంతెకొస్తుకూ మధ్య పది రోజులు. ఆ రోజుల్లో నూట ఇరవై మంది ఒకచోట కూడి చేసిన పనుల్లో ఒకటి, యూదా పోగా ఖాళీ అయిన స్థానాన్ని నింపడం. ఇద్దరిని నిలబెట్టి, ప్రార్థన చేసి, చీట్లు వేస్తే మత్తీయ పేరు వచ్చింది. రెండోవాడైన యోసేపు అలిగి వేరే కూటం పెట్టుకున్నట్టు ఎక్కడా రాసి లేదు. మన సంఘ కమిటీ ఎన్నికలు చూసినవారికి ఈ కథ పరాయి దేశపుదిగానే అనిపిస్తుంది. ఓడినవారు కానుక మానేయడం, గెలిచినవారు తాళాలు దగ్గర పెట్టుకోవడం, ఒకే చర్చిలో రెండు వర్గాలు రెండు వేళలకు ఆరాధన చేయడం, చివరికి కోర్టు మెట్లెక్కడం కొత్త సంగతులేమీ కావు. సమాధుల తోటకు గోడ లేదు, చర్చి కప్పు కారుతున్నది. లాయరు ఫీజుకు మాత్రం చందా పోగవుతుంది.

ఇప్పుడు చేయగలిగినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఆరాధనను పగటినుంచి తప్పించి కూలీలు ఇంటికి చేరాక, రాత్రి ఏడున్నరకు పెట్టాలి. లేదా ఎండ ముదరకముందు, తెల్లవారుజామున పెట్టాలి. మే నెలలో సెలవుల బైబిలు బడులు చాలా చోట్ల నడుస్తాయి. ఆ పిల్లలకే ఈ కథ అప్పగిస్తే తల్లులు వాళ్ల వెంట వస్తారు. పెంతెకొస్తు దాకా ఆ పది సాయంత్రాలు, మాట్లాడుకోవడం మానేసిన రెండు వర్గాల ఇళ్లలో మార్చి మార్చి ప్రార్థన పెట్టి చూడాలి. మొదటి సాయంత్రం ఎవరింట్లో అన్నదానికి తగవు వస్తే చీట్లు ఉండనే ఉన్నాయి.

మెదక్ కిటికీని చూపించడానికి పిల్లలను తీసుకెళ్లేవారు మాత్రం పగటిపూటే వెళ్లాలి. బయటినుంచి వెలుగు పడితేనే ఆ రంగులు తెలుస్తాయి. రాత్రి లోపల ఎన్ని దీపాలు వెలిగించినా నల్లటి అద్దమే కనిపిస్తుంది.