ప్రయాణం సరే... పని ఏమిటి?

‘వచ్చే వారం హైదరాబాద్ వెళ్లాలి. మూడు రోజుల వర్క్‌షాప్ ఉంది.’ సింగపూర్‌లోని మన తెలుగు ఇళ్లలో ఈ మాట మళ్లీ వినిపిస్తోంది. కరోనాకు ముందు ఇది మామూలు మాటే. మధ్యలో రెండేళ్లు ఊసే లేకుండా పోయింది. ఇప్పుడు ప్రయాణాలు తిరిగొచ్చాయి గానీ, మన ఇళ్లు మాత్రం అప్పటిలా లేవు.

ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 2020 ఏప్రిల్ 7న ఇక్కడ ‘సర్క్యూట్ బ్రేకర్’ మొదలైంది. డైనింగ్ టేబులే ఆఫీసైంది. 2021 ఏప్రిల్‌లో భారత్ నుంచి వచ్చేవారికి తలుపులు మూసేశారు. సెలవుకు ఊరెళ్లిన మనవాళ్లు ఎందరో పాసులు చేతిలో ఉండీ అక్టోబరు దాకా తిరిగి రాలేకపోయారు. ఆ ఏడాదే ఎక్స్‌పో దగ్గర ‘కనెక్ట్ ఎట్ చాంగి’ అనే కేంద్రం తెరిచారు. విదేశాల నుంచి వచ్చిన వ్యాపారులు అక్కడే బస చేసి, మధ్యలో గాజు పలక పెట్టుకుని ఇక్కడివారితో మాట్లాడేవారు. 2022 ఏప్రిల్ 1న టీకాలు వేసుకున్నవారికి సరిహద్దులు తెరుచుకున్నాయి. అదే నెల 26 నుంచి ఉద్యోగులంతా ఆఫీసులకు రావచ్చన్నారు.

అద్దం అడ్డుపెట్టుకుని అయినా ఎదురెదురుగా కూర్చోవాలని అంత ఖర్చు ఎందుకు పెట్టారు? ముఖాముఖి మాటకు విలువ ఉంది కాబట్టే. మా ప్రాజెక్టులో ఒక చిక్కుముడి మూడు నెలల వీడియో కాల్స్‌లో తేలలేదు. హైదరాబాద్ వెళ్లిన రెండో రోజు, టీ దగ్గర ఒక కుర్ర టెస్టర్ మెల్లగా అన్నాడు: ‘సార్, ఆ డేటా మనం అనుకున్న క్రమంలో రావడం లేదండీ.’ అదే అసలు సమస్య. కాల్‌లో ఎందుకు చెప్పలేదని అడిగితే, ‘అంతమంది పెద్దవాళ్లున్నారు, పైగా రికార్డింగ్ కూడా అవుతోంది’ అన్నాడు. పెద్దల మాటకు నలుగురిలో ఎదురు చెప్పకూడదని పెరిగిన మనకు ఆ జంకు తెలియనిది కాదు. స్క్రీన్ మీద అది ఇంకా ఎక్కువవుతుంది.

కాబట్టి ప్రయాణాలే వద్దనడం తప్పు. అయితే ప్రతి ప్రయాణానికీ ఇంట్లో ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తున్నారు. ఇక్కడ చాలా ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. పిల్లల్ని చూసుకోవడానికి అమ్మమ్మ, నానమ్మ పక్క వీధిలో లేరు. ఆరో తరగతి పిల్లలకు పీఎస్ఎల్ఈ ఒత్తిడి సరేసరి. ఇద్దరికీ ఒకే వారం ప్రయాణం పడితే ఎవరిది రద్దవుతుంది? నాకు తెలిసిన ఇళ్లలో ఎక్కువగా తల్లిదే. ఏడాది చివర అప్రైజల్లో ‘ప్రయాణాలకు సిద్ధంగా ఉండరు’ అన్న మాట పడేదీ ఆమెకే. ఇంటి నుంచి పని ఉన్న రోజుల్లో ఈ తేడా కొంత తగ్గింది. దాన్ని మళ్లీ పెరగనివ్వకూడదు.

అందుకే టికెట్ కొనే ముందు మేనేజర్లు, అందులో మనవాళ్లూ చాలామందే ఉన్నారు, ఒక ప్రశ్న వేసుకోవాలి. అక్కడికి వెళ్లి చేసేది స్లైడ్లు చదవడమేనా? అయితే ఆ పని కాల్‌లోనే అవుతుంది. కొత్త టీమ్ కలుస్తోందా, ఏకాభిప్రాయం కుదరని నిర్ణయం ఉందా? అప్పుడు వెళ్లాలి. తేదీలు కనీసం నెల ముందు చెప్పాలి. ఎప్పుడూ ఇక్కడివాళ్లే అక్కడికి వెళ్లడం కాకుండా, అక్కడి జూనియర్లనూ అప్పుడప్పుడు ఇక్కడికి రప్పించాలి. వాళ్లకు వీసా తీసుకోవాలి కాబట్టి ఆ ఏర్పాటూ ముందే చూడాలి.

ఉద్యోగులకూ ఒక దారి ఉంది. 2024 డిసెంబరు 1 నుంచి సింగపూర్‌లో ఫ్లెక్సిబుల్ వర్క్ అభ్యర్థనలపై మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. ప్రొబేషన్ పూర్తయినవారు పని వేళల్లోనో, పనిచేసే చోటులోనో వెసులుబాటు కోరుతూ రాతపూర్వకంగా అడగవచ్చు. యాజమాన్యం రెండు నెలల్లోగా జవాబివ్వాలి. వ్యాపారపరంగా సరైన కారణం ఉంటే కాదనవచ్చు గానీ, ‘మాకు అలాంటి అలవాటు లేదు’ అంటే కుదరదు. భర్త ప్రయాణంలో ఉన్న వారం భార్య, భార్య ప్రయాణంలో ఉన్న వారం భర్త ఇంటి నుంచి పనిచేస్తామని అడగడానికి ఇది పనికొస్తుంది.

కానీ మనవాళ్లు అడగరు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ కంపెనీతో ముడిపడి ఉంటుంది కదా, ఎందుకొచ్చిన గొడవ అనుకుంటారు. ఆ భయం అర్థం లేనిది కాదు. అయినా, పని ఎలా పూర్తిచేస్తామో చెబుతూ మర్యాదగా అడగడం గొడవ కాదు. ఒకరు అడిగితే పక్కవారికీ ధైర్యం వస్తుంది. ముఖ్యంగా మగవాళ్లు అడగాలి. అప్పుడే ఇది ఆడవాళ్ల ఇబ్బందిగా మిగిలిపోదు.

చివరగా ఒక మాట. హైదరాబాద్ దాకా ఆఫీసు ఖర్చుతో వెళ్లి, అమ్మానాన్నలను చూడకుండానే తిరిగొచ్చేస్తున్నవాళ్లు ఉన్నారు. మేనేజరుకు ముందే చెప్పి రెండు రోజులు సెలవు కలుపుకోండి. 2021లో ఆ తలుపులు మూసుకున్నప్పుడు ఒక్కసారి వెళ్లొస్తే చాలని ఎంతగా అనుకున్నామో మరిచిపోకూడదు.