తాపీ నుంచి గోదావరికి

సూరత్ ఊరు దాటి హజీరా వైపు, తాపీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్తే ముందు కనబడేవి కర్మాగారాల పొగగొట్టాలు. వాటి పక్కనే సువాలీ తీరం. నాలుగు వందల ఏళ్ల కిందట ఐరోపా ఓడలు లంగరు వేసిన రేవు అది. ఆ దాపుల్లోనే రాజ్‌గరీ అనే ఊళ్లో ఒక చిన్న గుమ్మటం ఉంది. టామ్ కోరియట్ అనే ఆంగ్లేయుడి గోరీ అదేనని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆయన వ్యాపారి కాదు, రాయబారి కాదు, సైనికుడూ కాదు. లోకం చూద్దామని బయలుదేరి చాలా దారి కాలినడకన మన దేశం దాకా వచ్చినవాడు. 1617 డిసెంబరులో సూరత్‌లోనే కన్నుమూశాడు.

సెలవులొస్తే ఎటు పోదాం, ఎలా పోదాం అని ఇంటింటా లెక్కలు వేసుకునే ఈ రోజుల్లో ఆయన కథ ఒకసారి తలుచుకోదగ్గది.

1608లో కోరియట్ లండన్ నుంచి వెనిస్ వెళ్లి వచ్చాడు. అయిదు నెలలు, దాదాపు రెండు వేల మైళ్లు. అందులో చాలా భాగం నడకే. తిరుగు దారిలో ఆల్ప్స్ దాటి, రైన్ నది వెంట స్ట్రాస్‌బర్గ్, హైడెల్‌బర్గ్, మైంజ్, కొలోన్ మీదుగా వచ్చాడు. కనబడ్డ శాసనమల్లా రాసుకున్నాడు. ఇటలీలో జనం ఫోర్కుతో తింటున్నారని చూసి ఆ ముచ్చటా రాశాడు. ఆ అనుభవాలన్నీ 1611లో లావుపాటి పుస్తకంగా అచ్చయ్యాయి. ఆ ప్రయాణంలో తొడిగిన జోళ్లను సొంతూరు ఆడ్‌కూంబ్ చర్చిలో వేలాడదీశాడు.

హైడెల్‌బర్గ్ కోటలో వైన్ నిలవచేసే ఒక మహా పీపా ఉండేది. ఇల్లంత పీపా. దాని పైకి ఎక్కడానికి నిచ్చెన. కోరియట్ ఎక్కాడు, పైన నిలబడి గ్లాసు చేత పట్టుకున్నాడు. ఆ బొమ్మ ఆయన పుస్తకంలో ఉంది. అందులోనే చదువరికి ఒక హితవు కూడా ఉంది: పైకి ఎక్కినవాళ్లు కొంచెమే పుచ్చుకోండి, మత్తెక్కితే అంత నిటారు నిచ్చెన దిగడం కష్టం అని. ఆ పీపా తర్వాత యుద్ధాల్లో పోయింది. ఇప్పుడక్కడ జనం చూస్తున్నది 1751 నాటిది, రెండు లక్షల లీటర్ల పైచిలుకు పట్టేది.

కోరియట్ వచ్చిన ఆ రైన్ నది ఒడ్డు ఈనాడు సైకిల్ బాట. ఆల్ప్స్ కొండల్లో రైన్ పుట్టిన చోటి నుంచి హాలండ్‌లో సముద్రం దాకా దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు, ఒకే గుర్తు, ఒకే అంకె ఉన్న పలకలు దారి చూపిస్తాయి. అందులో బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా ఉన్న అరవై అయిదు కిలోమీటర్ల లోయను 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. రెండు వైపులా కొండవాలు మీద మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, గుట్టగుట్టకూ ఒక పాత కోట. ఫ్రాన్స్‌లో లువార్, ఆల్సేస్, బర్గండీ లోయల్లో, ఆస్ట్రియాలో డాన్యూబ్ ఒడ్డున వాహావులో, ఇలాంటి దారులే ఉన్నాయి. వీటి వెంట తిరిగేవాళ్లు ఎక్కువమంది గైడు లేకుండా, గుంపు లేకుండా, తమంతట తామే తిరుగుతారు.

ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. యాత్రా సంస్థవాళ్లు సైకిల్ ఇస్తారు, దారి పటం ఇస్తారు, ఏ రాత్రి ఏ ఊళ్లో పడకో ముందే మాట్లాడి పెడతారు. పెట్టెబేడా పొద్దున్నే వ్యాన్‌లో వేసుకుని తర్వాతి ఊరికి చేరుస్తారు. చక్రం పంక్చరైతే పిలవడానికి ఒక ఫోన్ నంబరు. ఇక ఆ రోజు మీది. నలభై కిలోమీటర్లు మూడు గంటల్లో తొక్కేస్తారో, పొద్దుగూకేదాకా తొక్కుతారో మీ ఇష్టం. తోట గట్టున కూర్చున్న ముసలాయనతో మాటల్లో పడి పూట గడిపేసినా ఎవరూ విజిల్ ఊది పిలవరు. మోత వాళ్లది, దారి మనది. ఈ సెలవు సొగసంతా ఆ పంపకంలోనే ఉంది. మన యాత్రలు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా సాగుతున్నాయి. తెల్లవారుజామున బస్సు, అరగంటలో గుడి, పదిహేను నిమిషాల్లో ఫొటోలు, మళ్లీ బస్సు. పది ఊళ్లు చూసి వచ్చినవాళ్లను మధ్యలో దారి ఎలా ఉందని అడిగితే జవాబు రాదు. ఖర్చూ అలసటా రెండూ భరించి, దారి మాత్రం పోగొట్టుకుంటున్నాం.

కోరియట్ 1612లో మళ్లీ బయలుదేరాడు. కాన్‌స్టాంటినోపుల్, జెరూసలెం, అలెప్పో చూసుకుని, పర్షియా మీదుగా లాహోర్, ఆగ్రా దాటి 1615లో అజ్మీర్ చేరాడు. అలెప్పో నుంచి మొగలుల దర్బారు దాకా తనకైన ఖర్చు మూడు పౌన్లు మాత్రమేనని ఇంటికి రాశాడు. దారి పొడుగునా భాషలు నేర్చుకున్నాడు. జహంగీర్ చక్రవర్తి దర్శనమిచ్చే ఝరోఖా కింద నిలబడి పర్షియన్‌లో మాట్లాడి నూరు రూపాయలు బహుమతి పొందాడు. ఆంగ్ల రాయబారి థామస్ రో కొలువులోని పాదిరీ ఎడ్వర్డ్ టెర్రీ ఇంకో సంగతి రాశాడు. రో బసలో బట్టలుతికే ఆమె నోరు పెద్దది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తిట్లే. కోరియట్ ఒకరోజు ఆమె భాషలోనే ఆమెను ఎదుర్కొని, ఎనిమిది గంటలకల్లా నోరు మూయించాడట. ఊరి భాష అంతగా పట్టుబడటం పల్లకీలో తిరిగేవాడికి సాధ్యపడదు.

చివరికి మాండూ నుంచి సూరత్ వచ్చాడు. అప్పటికే ఒళ్లు గుల్ల అయింది, విరేచనాలు పట్టుకున్నాయి. సూరత్‌లోని ఆంగ్ల వర్తకులు తమ దేశంవాడు వచ్చాడన్న ప్రేమకొద్దీ ఓడలో వచ్చిన స్పెయిన్ దేశపు సాక్ వైన్ పోశారు. ఆ పేరు వినగానే ఆయన ప్రాణం లేచి వచ్చింది, అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఆయన స్వతహాగా మితంగా ఉండే మనిషేనని, కొంచెమే తాగి ఉంటాడని టెర్రీ రాసిపెట్టాడు. ఆ కొంచెమే ఆ ఒంటికి పడలేదు. రోగం ముదిరి కొద్దిరోజుల్లో పోయాడు. వేల మైళ్ల దారి చేయలేనిది ఒక ఆప్యాయత చేసింది. తాగుబోతు చావని దీన్ని కొట్టిపారేయడం అన్యాయం. సొంత దేశంలో ఎరిగిన రుచి కోసం ఏళ్ల తరబడి మొహం వాచిన పరదేశి కథ ఇది. పొట్టకూటికి దూరదేశం వెళ్లిన ఏ ఇంటివాళ్లకైనా ఇది అర్థమవుతుంది.

సూరత్‌లో మనవాళ్లు తక్కువేం కాదు. లింబాయత్, ఉధనా వాడల్లో సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. వీధిలో తెలుగు వినబడుతుంది, బతుకమ్మ పేరుస్తారు. ఆ ఇళ్లలో పెద్దలకు సైకిల్ అంటే సాంచాల (మరమగ్గాల) దగ్గరికి డ్యూటీకి పోయే బండి. రాత్రి పాళీ దిగి నిద్రకళ్లతో తొక్కిన బండి. దాని మీద సరదాకు ఊళ్లు తిరగడం ఏమిటని వాళ్లు అడిగితే ఆ ప్రశ్నను గౌరవించాలి. కానీ వాళ్ల పిల్లలకు, మనవలకు ఇప్పుడు ఆదివారం ఉంది, నాలుగు రోజుల సెలవు ఉంది. వాళ్ల ముందున్న దారి రైన్ ఒడ్డు కంటే ఏమాత్రం తీసిపోయేది కాదు.

సూరత్ నుంచి బార్డోలీ, వ్యారా, ఉనాయి, వఘాయి మీదుగా సాపుతారా ఘాట్ ఎక్కి, అవతల మహారాష్ట్రలో వణి, దిండోరి దాటి నాసిక్. మొత్తం రెండు వందల నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. రోజుకు యాభై తొక్కినా అయిదు రోజులు. ఎత్తుపల్లాల్లో కష్టమంతా వఘాయి నుంచి సాపుతారా దాకా ఉన్న యాభై కిలోమీటర్లలోనే.

ఈ దారికి కాలం శీతకాలం. సూరత్ శివార్లలో తెల్లవారకముందే నీరా అమ్ముతారు. చెట్టుకు కట్టే కుండ లోపల సున్నం పూస్తారు, గీసిన నీళ్లు పులవకుండా. ఎండెక్కితే ఆ రుచి ఉండదు కనుక చలిలో, చీకట్లో, నిలబడే తాగాలి. ఈత చెట్టు, మోకు, లొట్టి ఎరిగిన తెలంగాణ మనిషి ఆ గ్లాసు నోటికి ఆనించగానే సొంతూరి వనంలో ఉంటాడు. పక్కనే పోంక్: పాలకంకి దశలో ఉన్న జొన్నను నిప్పుల మీద కాల్చి, దులిపి, ఆకుపచ్చటి గింజల్ని సేవ్‌తో, నిమ్మకాయతో ఇస్తారు. మన ఊచబియ్యమే. చెరువు కింద చేలో పిల్లలు కంకులు కాల్చుకు తినే ఆ తిండి కోసం సూరత్ లాంటి మహానగరం ఏడాదంతా ఎదురుచూస్తుంది. ఇంత మంచి అలవాటు మన పట్టణాలు ఎందుకు పోగొట్టుకున్నాయో.

ఈ నేలకు తాగుడుతోనూ, తాగుడు మాన్పడంతోనూ పాత లెక్కలున్నాయి. 1922లో దక్షిణ గుజరాత్ ఆదివాసీ పల్లెల్లో దేవి పూని, కల్లూ సారా మానమని, సారా వ్యాపారుల దగ్గర కూలికి పోవద్దని చెప్పిందంటూ పెద్ద ఉద్యమమే లేచింది. 1928లో బార్డోలీ రైతులు పన్ను పోరాటం గెలిచారు; వల్లభ్‌భాయ్ సర్దార్ అయింది అక్కడే. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో గాంధీజీ పిలుపు మీద సూరత్ ప్రాంతంలో కల్లు చెట్లు కొట్టేశారు. రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచి గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం తెలిసిన తెలుగు పాఠకులు దీన్ని తేలిగ్గా తీసుకోలేరు, తీసుకోకూడదు. దక్షిణ గుజరాత్‌లో ఆ ఉద్యమాలు సాగిన నేల మీదుగానే ఈ సైకిల్ దారి పోతుంది. బార్డోలీ స్వరాజ్ ఆశ్రమం ముందు గంటసేపు ఆగితే పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలుగా చదివింది మనుషుల కథగా తెలుస్తుంది.

సాపుతారా దాటగానే రాష్ట్రం మారుతుంది, నేల మారుతుంది. టేకు, వెదురు అడవి వెనకబడి, వణి దగ్గర సప్తశృంగి అమ్మవారి కొండ కనిపించి, దిండోరి నుంచి ద్రాక్ష పందిళ్లు మొదలవుతాయి. చలిదేశాల్లో తీగ మంచుకాలమంతా నిద్రపోతుంది. ఇక్కడ దానికి నిద్ర లేదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు, ఏప్రిల్‌లో తీగ కోసం, అక్టోబరులో పండు కోసం. జనవరి నుంచి మార్చి దాకా కోతలు. అంటే ఒకే వారంలో సూరత్ దగ్గర నీరా తాగి, నాసిక్ దగ్గర గుత్తులు కోసే చోటికి చేరవచ్చు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలు చూసిన తరానికి ఆ పందిళ్ల కింది పచ్చటి నీడ కొత్తది కాదు. ఇక్కడి తోటల్లో ఎక్కువ భాగం తినే ద్రాక్షే. వైన్ ద్రాక్ష తర్వాత వచ్చింది. 1999లో రాజీవ్ సామంత్ స్థాపించిన సులా దారి తీశాక నాసిక్ చుట్టూ వైన్ తయారీ స్థిరపడింది. తోట చూపించి, పిండడం, పులియబెట్టడం, పీపాల్లో నిలవచేయడం వివరించి పంపే పద్ధతి అక్కడ ఉంది. తాగనివాళ్లకూ అది చూడదగ్గ పనితనమే. తాగేవాళ్లు ఆ రోజుకు సైకిల్ పక్కన పెట్టేయాలి. సీసా కట్టుకుని గుజరాత్ సరిహద్దు వెనక్కి దాటకూడదు. ఒకటి ప్రాణానికి సంబంధించింది, రెండోది చట్టానికి.

తోటలున్న ఆ చోటికి ఆనుకునే గంగాపూర్ ఆనకట్ట ఉంది. అది గోదావరి మీద కట్టింది. త్ర్యంబకంలో పుట్టిన నది ఇంకా పిల్లగా ఉన్న చోటు. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, రాజమండ్రి పేర్లతో పెరిగిన తెలుగువాడు తాపీ ఒడ్డున సైకిలెక్కి, సొంత కాళ్ల బలంతో ఆ నీళ్ల దగ్గర దిగడం కంటే మంచి మజిలీ ఇంకేముంటుంది?

అయితే ఈ దారి ఈరోజు ఉన్నది ఉన్నట్టుగా సైకిల్‌కు సిద్ధంగా ఉందని చెప్పి పాఠకులను పంపడం బాధ్యత అనిపించుకోదు. ఘాట్‌లో మలుపు మలుపుకూ లారీలు, సెలవురోజుల్లో వరసగా బస్సులు. సైకిల్‌కు వేరే బాట లేదు. రైన్ ఒడ్డున జనం ధైర్యంగా పిల్లల్ని కూడా వెంటేసుకుని తొక్కుతున్నారంటే, దారి పక్కన పలకలు పెట్టి, మోటారు బండ్లను వేరు చేసి, ఊరూరా పడక ఏర్పాటు చేసినందువల్లే. ఇక్కడ అంతకంటే తక్కువతోనే మొదలుపెట్టవచ్చు: పల్లెదారులు కలుపుతూ ఒక గుర్తించిన మార్గం, ఘాట్‌లో వారానికి ఒక పూట పెద్ద బండ్లకు ఆపుదల, పెట్టెలు మోసే ఒక వ్యాన్, వఘాయి, సాపుతారా ఉన్న డాంగ్ జిల్లా పల్లెల్లో ఆదివాసీ ఇళ్ల దగ్గరే శుభ్రమైన బస. ఆ ఖర్చు ఆ పల్లెలకే తిరిగి చేరుతుంది. గుజరాత్, మహారాష్ట్ర పర్యాటక శాఖలు కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే శీతకాలానికే ఇది పట్టాలెక్కుతుంది. ఈలోగా తొక్కాలనుకునేవాళ్లు సూరత్ నుంచి బార్డోలీ దాకా ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి రండి. హెల్మెట్ పెట్టుకోండి, వెలుతురు ఉండగానే తిరిగి రండి, ఇంట్లో పదిహేనేళ్ల పిల్లో పిల్లవాడో ఉంటే వెంట తీసుకువెళ్లండి.