పెంట వేసినా నైట్రేట్ దిగుతుంది

సంపాదకులకు,

సేంద్రియ సేద్యంలో నైట్రేట్ బెడదే ఉండదని మీ పత్రికలో వచ్చిన వ్యాసంతో ఏకీభవించలేను. యూరియా నుంచి వచ్చినా, పశువుల పెంట నుంచి వచ్చినా నైట్రేట్ నైట్రేటే. మట్టి దాన్ని పట్టి ఉంచదు, నీటి వెంట దిగిపోతుంది. మా కట్టంగూర్ వైపు చల్కల్లో మరీ తొందరగా.

ఎండాకాలం పెంట తోలి దున్నుతాం. తొలి వానలకు నేల తడిసి నత్రజని విడుదలవుతుంది. అప్పటికి పత్తి ఇంకా రెండాకుల మొలకే. అందుకునే పైరు లేకపోతే ఆ ఎరువు బోరు దారే పడుతుంది.

పంట మార్పిడి మంచిదే, కాదనను. కానీ దేని తర్వాత ఏది, ఎప్పుడు అన్నదే అసలు సంగతి. జనుమో పిల్లిపెసరో కలియదున్ని పొలాన్ని బీడు పెడితే ఏం లాభం? వెంటనే జొన్న వేస్తే ఆ నత్రజని పైరుకు దక్కుతుంది. పత్తిలో కంది సాళ్లుంటే లోతుకు జారినదాన్ని కొంతైనా అందుకుంటాయి. వ్యాసంలో ఈ ఊసే లేదు.

నల్లగొండలో నీళ్ల పరీక్ష అంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. కానీ నైట్రేట్‌నూ చూడాలి. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినా పోదు. పసిపిల్లలకు మరీ ప్రమాదం. బోరు నీళ్లకు నైట్రేట్ పరీక్ష ఎక్కడ చేస్తారో వచ్చే సంచికలో వివరాలు ఇవ్వండి.

– ఒక రైతు, కట్టంగూర్, నల్లగొండ జిల్లా