తీగ మార్చే చేతికి ఎంత చదువు కావాలి?

ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలు ఏడాదిన్నర, రెండేళ్లపాటు కొన్ని వారాలకోసారి క్లినిక్‌కు వెళ్లక తప్పదు. బ్రిటన్‌లో అయితే చాలాసార్లు వాళ్ల నోట్లో చెయ్యి పెట్టేది ఆర్థోడాంటిస్ట్ కాదు, ఆర్థోడాంటిక్ థెరపిస్ట్. ఏ పన్ను ఎటు జరగాలో డాక్టరు నిర్ణయిస్తారు. బ్రాకెట్లు అతికించడం, తీగ మార్చడం, అచ్చులు తీయడం, చివర్లో క్లిప్పులు విప్పడం థెరపిస్టు పని. ఈ ఉద్యోగానికి అక్కడ మొదటి కోర్సు 2007లో లీడ్స్‌లో మొదలైంది. జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే పని చేయాలి.

మరొకరు రాసిచ్చిన పని చేసేవారికి కణజీవశాస్త్రం ఎందుకు, చెయ్యి తిరిగితే చాలదా అని అడిగేవారున్నారు. చాలదు.

పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు మందాన ఒక పొర ఉంటుంది. తీగ నెట్టినప్పుడు ఒత్తిడి పడిన వైపు ఆస్టియోక్లాస్టులు అనే కణాలు ఎముకను కరిగిస్తాయి, లాగుడు పడిన వైపు ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు కొత్త ఎముక కడతాయి. ఇదంతా నెలకు సుమారు ఒక మిల్లీమీటరు నడక. బలం మితిమీరితే ఆ పొరకు రక్తం అందదు, పన్ను కదలకుండా మొరాయిస్తుంది, వేరు కురచబడే ప్రమాదం పెరుగుతుంది. ‘పెళ్లి దగ్గర పడింది, కాస్త గట్టిగా బిగించండి’ అనేవారికి జవాబు ఇక్కడుంది. ఆ జవాబు తెలియని చెయ్యి ఎంత నేర్పుగా కదిలినా ఏం లాభం?

బ్రాకెట్ అతికించడమూ అంతే. ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకు చేస్తే అతుకు పట్టు పెరుగుతుందని దంతవైద్యుడు మైఖేల్ బ్యూనోకోర్ 1955లో చూపించారు. నేటికీ చేస్తున్నది ప్రధానంగా అదే. అయితే ఆ గరుకు ఉపరితలానికి లాలాజలం తగిలితే పట్టు పోతుంది. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిస్తే సుద్దలాంటి తెల్లమచ్చలు పడతాయి. వాటిని ముందుగా చూసే అవకాశం థెరపిస్టుకే ఎక్కువ. చిక్కల్లా అక్కడే. రోగనిర్ధారణ చేసే అధికారం ఆ ఉద్యోగానికి లేదు. మత్తు ఇంజెక్షన్ ఇవ్వకూడదు, చిగురు లోపలి గార తీయకూడదు. అయినా తేడా కనిపెట్టి డాక్టరుకు చెప్పితీరాలి.

కోర్సు సుమారు ఏడాది. మొదట కొన్ని వారాలు పాఠాలు, నమూనా దవడల మీద సాధన. తర్వాత స్పెషలిస్టు పర్యవేక్షణలో తాము పనిచేసే క్లినిక్‌లోనే శిక్షణ. చేరేవారిలో చాలామంది డెంటల్ నర్సులు. చాలాచోట్ల నేర్పేవారూ జీతమిచ్చేవారూ ఒకరే కావడం ఈ ఏర్పాటులో సున్నితమైన విషయం. రోగికి ముప్పు ఉందనిపిస్తే నోరు విప్పమని కౌన్సిల్ తొమ్మిది సూత్రాల్లో ఎనిమిదోది చెబుతుంది. ‘డాక్టరుగారూ, ఈ చిగుళ్ల వాపుతో కొత్త తీగ వద్దేమో’ అని యజమానితో అనాలంటే ధైర్యమొక్కటే సరిపోదు, శాస్త్రం తెలిసుండాలి. కోర్సులో శాస్త్రాన్నీ వృత్తి ధర్మాన్నీ వేర్వేరు పాఠాలుగా చెప్పి, వేర్వేరు ప్రశ్నలుగా అడిగితే ఈ ఒక్క వాక్యం ఎవరికీ రాదు. రోగుల్లో ఎక్కువమంది మైనర్లు కావడంతో సమ్మతి సంగతీ తేలిక కాదు. పదహారేళ్లు నిండని పిల్లలకు కూడా తగిన అవగాహన ఉంటే చికిత్సకు తామే ఒప్పుకోవచ్చని అక్కడి కోర్టు 1985లో గిల్లిక్ కేసులో తేల్చింది.

మన దేశంలో ఆర్థోడాంటిక్స్ అంటే బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్. 1948 నాటి దంతవైద్యుల చట్టం హైజీనిస్టును, మెకానిక్‌ను గుర్తించింది గానీ ఇలాంటి థెరపిస్టును కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రేపు ఇలాంటి కోర్సు పెట్టాలనుకుంటే, బ్రాకెట్ ఎలా అతికించాలన్న పాఠంతో మొదలుపెట్టకూడదు. ఏ నోటిని చూసి పని ఆపి, స్పెషలిస్టును పిలవాలన్నది మొదటి పాఠం కావాలి. తుది పరీక్షలో ఎక్కువ మార్కులు కూడా దానికే ఉండాలి.