పుల్లీ చివర మార్చండి

హైదరాబాద్ పాతకార్ల బజారులో ఒకప్పటి బెంజ్ సి200 కొంప్రెసర్ లాంటి కార్లు ఇప్పుడు మధ్యతరగతి కుర్రాళ్ళకు కూడా అందే ధరకు వస్తున్నాయి. 2000ల నాటి ఆ కారుది 1.8 లీటర్ల ఇంజనే అయినా 163 గుర్రాల శక్తి. అందులో చెప్పుకోదగ్గ వాటా సూపర్‌ఛార్జర్‌ది. అది ఇంజన్ తిప్పే బెల్టుతోనే తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని దట్టించే పంపు. దాని పుల్లీని చిన్నది చేస్తే పంపు ఇంకా జోరుగా తిరుగుతుంది, గాలి ఇంకా ఎక్కుతుంది. ఖర్చు తక్కువ, పని త్వరగా అయిపోతుంది, తేడా వెంటనే తెలుస్తుంది. అందుకే అందరూ ముందు దాని మీద పడుతున్నారు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో మాత్రం అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని అని గట్టిగా చెబుతున్నాను.

కారణం మన ఎండలే. వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ళ పట్టికలో నందిగామ పేరు తరచూ ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుందని సైకిలుకు గాలి కొట్టిన ప్రతివాడికీ తెలుసు. 45 డిగ్రీల గాలిని మామూలు పీడనానికి ఒకటిన్నర రెట్లు నొక్కితే, ఎక్కడా నష్టం లేదనుకున్నా అది 84 డిగ్రీలకు చేరుతుంది. నిజమైన పంపుల్లో నష్టం ఉంటుంది కాబట్టి వంద దాటిపోతుంది. ఆ గాలి అలాగే సిలిండర్లోకి వెళితే, ప్లగ్గు అంటించిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. అది సాగితే పిస్టన్లు పగులుతాయి, హెడ్ గాస్కెట్ పోతుంది. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ దాన్ని ముందే పసిగట్టి స్పార్కును వెనక్కి జరిపితే ఇంజన్ బతుకుతుంది గానీ, డబ్బు పోసి తెచ్చుకున్న శక్తి మే నెలంతా కనబడదు.

కాబట్టి మొదటి ఖర్చు చల్లబరిచే సరంజామా మీద పెట్టాలి. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెద్దది కావాలి, రేడియేటర్ శుభ్రంగా ఉండాలి, ఫ్యాను సరిగ్గా తిరగాలి. అంతకుముందే సిలిండర్ల కంప్రెషన్ చూపించుకోవాలి. ఇరవై ఏళ్ళు తిరిగిన ఇంజన్‌లో ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే ఆ డబ్బు మరమ్మతుకే పోవాలి, పుల్లీ ఊసే వద్దు.

తర్వాత పెట్రోలు. గాలి పెరిగితే దానికి తగ్గ ఇంధనం అందాలి. లేకపోతే మంట మితిమీరి వేడెక్కుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఉన్న గాలికే ఇంజెక్టర్లు మునుపటికన్నా ఎక్కువ పోయాలి. గాలి కూడా పెంచితే పాత ఫ్యూయల్ పంపు ఆ పని మోయగలదా అన్నది కొలిచి తేల్చుకోవాలి. ఇంధనం గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునేవో కాదో కూడా చూసుకోవాలి. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి వేయించాలి.

బ్రేకుల సంగతి ఎవరూ అడగరు. నాకు బాధ కలిగించేది ఇదే. 80 నుంచి 120కి వెళ్ళిన కారును ఆపాలంటే బ్రేకులు రెండుంపావు రెట్ల శక్తిని మింగాలి. మన ప్రాంతం మీదుగా వెళ్ళే జాతీయ రహదారి నాలుగు వరుసలైంది నిజమే గానీ, చిల్లకల్లు దగ్గర జగ్గయ్యపేట వైపు తిరిగే బండ్లు, సిమెంటు లారీలు, ఊళ్ళ దగ్గర అడ్డం వచ్చే ట్రాక్టర్లు అలాగే ఉన్నాయి. టైర్లు, డిస్కులు, బ్రేక్ ఆయిలు మార్చకుండా ఇంజన్ ఒక్కటే పెంచిన కారును ఆ రోడ్డెక్కించడం ఎదుటివాళ్ళకు చేసే అన్యాయం.

చట్టం సంగతీ తెలియాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం వేరే. శక్తి మొత్తం వాడాలన్న కోరిక ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో రేస్ ట్రాకులున్నాయి. అక్కడికి తీసుకెళ్ళాలి.

ఇవన్నీ అయ్యాక పుల్లీ, ట్యూనింగ్. ట్యూనింగ్ చేసేవాళ్ళు చల్లటి వేళ చూసి బాగుందంటే ఒప్పుకోవద్దు. మే నెల మధ్యాహ్నం, ఏసీ వేసి, ఇంజన్ బాగా వేడెక్కాక లోపలికి వెళ్ళే గాలి ఎన్ని డిగ్రీలుందో, గాలీ పెట్రోలూ ఏ పాళ్ళలో ఉన్నాయో, కంప్యూటర్ స్పార్కును ఎంత వెనక్కి జరుపుతోందో రాసిన లాగ్ అడిగి తీసుకోండి. అందులో నాకింగ్ కనబడితే పాత పుల్లీ తిరిగి పెట్టించండి.