చిన్న కారుని ఎవరు ఎత్తుకెళ్లారు?



మనలో ఒకాయన మొన్న చిన్న కారు కొందామని షోరూముకి వెళ్లారు. "అది స్టాకు లేదు సార్, ఇది చూడండి" అని పది లక్షల బండి చూపించారట. ఆయన మారుమాట్లాడకుండా ఇంటికొచ్చేశారు. ఈ రోజుకీ భార్యనీ ఇద్దరు పిల్లల్నీ స్కూటర్ మీదే తిప్పుతున్నారు.

మనం ఉండేది చెన్నైలో. కార్లు పుట్టే ఊరు. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారైన శాంట్రో, ఇయాన్, ఫిగో, రెడీగో అన్నీ ఆగిపోయాయి. అంతకుముందే మారుతి 800 కథ 2014లో ముగిసింది. స్కూటర్ మీద నలుగురు తడుస్తూ వెళ్లడం చూసి రతన్ టాటా తలపెట్టిన నానో కూడా పోయింది. 2023లో ఆల్టో 800 వంతు వచ్చింది. ఇక మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"జనానికి చిన్న కార్లు అక్కర్లేదు" అంటారు. అక్కర్లేకపోతే పాత ఆల్టోల కోసం మనవాళ్లు అంతలా ఎందుకు వెతుకుతున్నారు? కోరిక ఉంది, ధరే అందడం లేదు.

"భద్రతకి ఖర్చవుతుంది" అంటారు. ఎయిర్‌బ్యాగులు, 2020 నుంచి వచ్చిన బీఎస్-6, కొత్త కారుకి ఒకేసారి కట్టాల్సిన మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, ఇవేవీ మేము వద్దనడం లేదు. కానీ ఆ ఖర్చు పన్నెండు లక్షల బండిలో కలిసిపోతుంది, నాలుగు లక్షల బండికి నడుం విరుస్తుంది. కారు కొనలేనివాడు ఎక్కేది స్కూటరే కదా! దానికి ఏ ఎయిర్‌బ్యాగు ఉంది?

ఇక పన్నులు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, సంతోషం. కానీ నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉంటే చాలు, పన్నెండు లక్షల ఎస్‌యూవీకీ అదే 18. పేదవాడి పేరు చెప్పి పెద్దబండికి రాయితీ! మన తమిళనాడులో 2023లో రోడ్డు టాక్సు పెంచినప్పుడు ఐదు లక్షల లోపు కారుని కూడా వదల్లేదు. 10 శాతం ఉన్నది 12 అయింది.

తప్పు మనలోనూ ఉంది. కల్యాణ మండపం ముందు చిన్న కారు ఆగితే "ఇంకా ఇదేనా అన్నా?" అని నవ్వేది మనమే. సంబంధం మాట్లాడేటప్పుడు బండి సైజు చూసేదీ మనమే. ఆ నవ్వుకి భయపడి ఏడేళ్ల వాయిదాల్లో ఇరుక్కున్న ఇళ్లు మన సంఘంలోనే ఉన్నాయి.

అందుకే వచ్చే సమావేశంలో ఒక తీర్మానం పెడుతున్నాం. ఐదు లక్షల లోపు కారుకి రోడ్డు టాక్సు మళ్లీ పాత 10 శాతానికి తగ్గించాలని ప్రభుత్వానికి అర్జీ ఇద్దాం. అందరూ వచ్చి సంతకం చేయండి.

ఆ నవ్వు మాత్రం ఈ రోజే మానేద్దాం. దానికి ఏ అర్జీ అక్కర్లేదు.